తారు వేసే ముందు రోడ్డు పక్క బర్ము చెక్కండి: రేగడి నేలల్లో పల్లె రోడ్డు ఎందుకు పగులుతుంది

రాయలసీమలో కోవెలకుంట్ల చుట్టుపక్కల గానీ, ఆలూరు వైపు గానీ, జమ్మలమడుగు దగ్గర గానీ, నల్లరేగడిలో పోయే ఏదైనా పల్లె రోడ్డు చూడండి. నడుమ తారు బాగానే ఉంటుంది. అంచుకు అడుగున్నర లోపల మాత్రం రోడ్డు పొడుగునా గీత గీసినట్టు పగులు పోతుంటుంది. ఎవరినడిగినా టిప్పర్లు, నాపరాయి లారీలు అంటారు. ఆ బరువులు తక్కువేం కాదు. కానీ ఆ పగులు మొదలుపెట్టింది నీళ్లు. చక్రం దాన్ని పెద్దది చేస్తుంది, అంతే.

రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. నడిమి తారు కింద మట్టిలో తేమ ఏడాది పొడుగునా పెద్దగా మారదు, పైన కప్పు ఉంది కాబట్టి. అంచు కింద అట్లా కాదు. సెప్టెంబర్‌లో నానుతుంది, ఏప్రిల్‌లో బీటలిస్తుంది. ఉబ్బడం, కుంగడం నాలుగేళ్లు జరిగితే ఏ తారూ ఆగదు.

అనంతపురంలో ఏటా పడేదే 550 మిల్లీమీటర్లు, దానికి కాలువలెందుకు అని కొందరంటారు. ఆ వాన చినుకు చినుకుగా పడితే నిజమే. మన దగ్గర పడేది కుండపోత. గంటలో 5 సెంటీమీటర్లు పడిందనుకోండి. 3.75 మీటర్ల వెడల్పు రోడ్డు మీద, ఒక్క కిలోమీటరుకే, లక్షా ఎనభై ఏడు వేల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ముప్పై ఏడు. పక్క పొలాల నీళ్లు ఇందులో కలపలేదు.

ఈ నీళ్లు దిగిపోవాలంటే ముందు రోడ్డుకు వాలు ఉండాలి. తారు రోడ్డుకు నూటికి 3, అంటే నడుమ కంటే అంచు 5, 6 సెంటీమీటర్లు దిగువన. చూడ్డం సులువు. రెండు అంచుల మీదా ఒకే ఎత్తు ఇటుకలు పెట్టి దారం బిగించి లాగండి. ఇటుక దగ్గర దారం ఎంత ఎత్తులో ఉందో, రోడ్డు నడుమ దానికంటే 5, 6 సెంటీమీటర్లు తక్కువ రావాలి. సమంగా వస్తే, ఆ రోడ్డు చదునైపోయినట్టే.

వాలు బాగున్నా నీళ్లు నిలిచే రోడ్లే ఎక్కువ. కారణం బర్ము, అంటే తారుకు రెండు పక్కలా ఉండే మట్టి అంచు. తారు అంచు దగ్గర కూర్చుని చెయ్యి పెట్టి చూడండి. దుమ్ము, గడ్డి, ట్రాక్టర్ చక్రాల నుంచి రాలిన మట్టి పేరుకుని, తారు కంటే రెండు మూడు వేళ్లు ఎత్తున చిన్న గట్టు కట్టి ఉంటుంది. వాన నీళ్లు ఆ గట్టు దాటలేవు. అంచునే పారి, పగులు దొరికిన చోట కిందికి దిగుతాయి. ఆ గట్టును చెక్కెయ్యాలి. బర్ము తారు అంచుతో సమంగా మొదలై, మీటరుకు 4 సెంటీమీటర్ల చొప్పున బయటికి దిగాలి. అట్లని లోతుగా గీకేస్తే ఇంకో తంటా. అంచుకు ఆసరా పోయి తారు పెచ్చులూడుతుంది, బైకులు జారతాయి. ఇప్పటికే గుంత పడి ఉంటే రేగడి మట్టితో పూడ్చకండి, గ్రావెల్ వేసి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పించండి. కాలువ వాలు మీద ఉన్న గడ్డిని మాత్రం వదిలెయ్యండి. అది మట్టిని పట్టి ఉంచుతుంది.

ఇక సైడు కాలువ. జేసీబీ వాళ్లు నిట్టనిలువుగా తవ్వి, తీసిన మట్టిని రోడ్డుకూ కాలువకూ మధ్యనే పోస్తారు. మనమే డబ్బిచ్చి కట్ట వేయించుకున్నట్టు! మట్టి పొలం వైపు పడాలి, లేదా ట్రాక్టర్‌కెత్తాలి. కాలువ అడుగున వెడల్పు 45 సెంటీమీటర్లు, లోతు 50, పైన వెడల్పు దాదాపు రెండు మీటర్లు ఉంటే పక్కలు కూలవు. ఆ అడుగు, రోడ్డు కింద గట్టిపరిచిన మట్టి మట్టం కంటే అర మీటరన్నా దిగువన ఉండాలి. వంద మీటర్లకు అర మీటరు వాలు పెట్టండి, మేస్త్రీ వాడే నీళ్ల పైపుతోనే కొలవొచ్చు. చివర వంకలోకో కల్వర్టులోకో కలవకపోతే అది కాలువ కాదు, పొడుగాటి గుంత.

పొలంలోకి ట్రాక్టర్ దిగడానికి కాలువను మట్టితో పూడ్చేస్తారు. రైతును తిట్టి లాభం లేదు, ఆయనకు దారి కావాలి. 600 మిల్లీమీటర్ల సిమెంటు పైపులు, రెండున్నర మీటర్లవి, రెండు వేస్తే సరిపోతుంది. 300 పైపు చవకే, కానీ ఒక్క వానకే కంపతో, పూడికతో మూసుకుపోతుంది.

కల్వర్టు పైపు అడుగు వంక అడుగుతో సమంగా ఉండాలి. ఎత్తులో పెడితే ఎగువన నీళ్లు నిలిచి రోడ్డు కట్టలోకి ఊరతాయి. పైపు మీద కనీసం 60 సెంటీమీటర్ల మందం మట్టి లేకపోతే శనగ లోడు లారీకే పగులుతుంది. నీళ్లు బయటపడే చోట రాతి పరుపు లేకపోతే గుంత కోసుకుంటూ వెనక్కి, పైపు కిందికి వస్తుంది.

ఊరి చివర సీసీ రోడ్డు అయిపోయి తారు మొదలయ్యే చోటు మరీ ఘోరం. అక్కడ వానతో పనే లేదు, ఇళ్ల మురుగు రోజూ వచ్చి తారు మీదే నిలుస్తుంది. అక్కడ ఎన్ని ప్యాచ్‌లు వేసినా దండగే, ముందు మురుగు కాలువను పొడిగించాలి.

ప్యాచ్ సంగతి క్లుప్తంగా. గుంతను నలుపలకగా, గోడలు నిలువుగా ఉండేలా కోయాలి. అడుగున తడిసిన కంకర ఉంటే అదీ తీసి, పొడి కంకర వేసి దిమ్మిస కొట్టాలి. అడుగుకూ గోడలకూ ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు) పూసి, మిక్స్ (తారు కలిపిన కంకర) నింపి, పక్క రోడ్డు కంటే 5 మిల్లీమీటర్లు ఎత్తుగా అణచాలి. నీళ్లున్న గుంతలో మిక్స్ పోస్తే వారంలో లేచిపోతుంది. అంచు పగుళ్లలో ఎమల్షన్ పోసి, పైన రాతి పొడి చల్లితే చాలు.

ఇవన్నీ మే నెలాఖరుకు అయిపోవాలి. కడప వైపు ఈశాన్య రుతుపవనాల వానలూ ఉంటాయి కాబట్టి, సెప్టెంబర్ చివర కల్వర్టుల ముందు కంప మళ్లీ తీయాలి. మొదటి పెద్ద వాన వెలిసిన అరగంటకు రోడ్డు మీదికి వెళ్లి, నీళ్లు నిలిచిన చోటల్లా ఫొటో తీయండి, దగ్గర్లోని కిలోమీటరు రాయి కూడా పడేలా. ఆ ఫొటోలు పంచాయతీరాజ్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) ఇస్తే, ఎస్టిమేట్‌లో ఏ చోటు రాయాలో ఆయన వెతుక్కోనక్కర్లేదు.