ఏ వయసు అడుగుతున్నాం?

శ్రోతలకు నమస్కారం. గుడిమల్లం వెళ్లి పరశురామేశ్వరుణ్ణి చూసొచ్చినవాళ్లు తరచు అడిగే మాట ఒకటుంది. "ఆ లింగం క్రీస్తు పూర్వం నాటిదంటారే, ఆ రాతిని ల్యాబులో పరీక్షిస్తే తేలిపోదా?" అని. తేలదండీ. పరీక్ష చేస్తే ఆ రాయి భూమిలో ఎప్పుడు పుట్టిందో తెలియొచ్చు. ఉలి తగిలినంత మాత్రాన రాతిలోని యురేనియం లెక్క మారదు కదా! శిల్పం కాలాన్ని శైలిని బట్టి, తవ్వకంలో దానితోపాటు దొరికిన వస్తువులను బట్టి చెప్పాల్సిందే. రేడియోధార్మికతతో వయసు కట్టేటప్పుడు మొదట తేల్చుకోవలసింది ఇదే: ఏం జరిగినప్పటి నుంచి లెక్క మొదలైంది?

కార్బన్-14 సంగతి చూద్దాం. ఇది కాలంతో పాటు తనంతట తానే తగ్గిపోయే రేడియోధార్మిక కార్బన్ రకం. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల పై వాతావరణంలో నైట్రోజన్ కొంత కార్బన్-14గా మారుతుంటుంది. గాలిలోని కార్బన్‌లో ఇది సుమారు లక్ష కోట్ల పరమాణువులకు ఒక్కటి. చెట్టు దాన్ని గాలి నుంచి తీసుకుంటుంది, ఆకు మేసిన మేకకూ అది చేరుతుంది. ప్రాణం పోయాక కొత్తది రాదు. ఉన్నది 5,730 ఏళ్లకు సగమవుతుంది, 11,460 ఏళ్లకు పావు మిగులుతుంది. 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి దాదాపు ఏమీ ఉండదు. ఈ పద్ధతిని కనిపెట్టిన విల్లార్డ్ లిబ్బీకి 1960లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

కార్బన్-14ను లెక్కించే ఇప్పటి యాక్సిలరేటర్ యంత్రాలకు ఒక మిల్లీగ్రాము కార్బన్ చాలు. మన దేశంలో ఢిల్లీలోనూ అహ్మదాబాద్‌లోనూ అలాంటివి ఉన్నాయి. అసలు కష్టమంతా శుభ్రం చేయడంలోనే ఉంది. బొగ్గు ముక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి, అందులో దూరిన సన్నటి వేళ్లను పట్టకారుతో ఒక్కొక్కటే లాగేస్తారు. తర్వాత వేడి హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో ఉంచితే మట్టిలోని సున్నం పోతుంది. కాస్టిక్ సోడా ద్రావణంలో ఉంచితే కుళ్లిన ఆకుల నుంచి నీటితో దిగిన నల్లటి రసం పోతుంది. ఆ తర్వాత మళ్లీ ఆసిడ్ ఎందుకంటే, సోడా ద్రావణం ఈనాటి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. దాన్ని వదిలించకపోతే కొత్త కార్బన్ కలిసిపోతుంది. అది ఎంత ప్రమాదమో చూడండి: కార్బన్-14 బొత్తిగా లేని పురాతన నమూనాలో ఒక్క శాతం ఈనాటి కార్బన్ కలిస్తే, యంత్రం దాని వయసు 37 వేల ఏళ్లని చూపిస్తుంది. అందుకే తవ్వకంలో దొరికిన బొగ్గును దూదిలోనో కాగితంలోనో చుట్టకూడదు, చేత్తో నలపకూడదు. అల్యూమినియం ఫాయిల్‌లో పెట్టడం మేలు.

ఎముకల మీద మరీ ఆశ పెట్టుకోలేం. వాటిలో నమ్మదగిన భాగం కొల్లాజెన్ అనే ప్రోటీన్. మన ఎండలకు, వానలకు మట్టిలో అది నిలవడం అరుదు.

బొగ్గులోనూ చిక్కుంది. చేవ తేలిన ఎర్రచందనం మానును తీసుకోండి. లోపలి చేవ ఎన్నో ఏళ్ల కిందటే గాలితో లావాదేవీ మానేసింది. ఆ దుంగను పొయ్యిలో పెడితే, బొగ్గు చెప్పేది చేవ వయసు, మంట వయసు కాదు. పొయ్యిలో మాడిన రాగి గింజ దొరికితే అంతకంటే అదృష్టం లేదు. అది ఒక్క పంటకాలపు కార్బన్.

యంత్రం ఇచ్చే అంకె కూడా నేరుగా క్యాలెండర్ ఏడు కాదు. గాలిలో కార్బన్-14 అన్ని కాలాల్లో ఒకేలా లేదు కాబట్టి, చెట్ల వలయాలతో తయారైన పట్టికతో సరిచూడాలి. ఆ పట్టికను గీతగా గీస్తే, క్రీస్తు పూర్వం 800 నుంచి 400 దాకా అది దాదాపు చదునుగా సాగుతుంది. ఆ నాలుగు వందల ఏళ్లలో ఎప్పటి బొగ్గయినా ఇంచుమించు ఒకే అంకె ఇస్తుంది. పలమనేరు వైపు పాండవ గుళ్లు అని పిలుచుకునే రాతి సమాధుల్లాంటివి దక్షిణాదిలో కట్టిన రోజుల్లో ఈ కాలమూ ఉంది. ఒక్క నమూనాతో తేల్చేయడం అక్కడ కుదరదు. పొరల వరుస ప్రకారం నాలుగైదు నమూనాలు కావాలి.

ఇక తిరుమల కొండ. ఘాట్ రోడ్డు పక్కన అడుగున సుమారు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్, దాని మీద సుమారు 160 కోట్ల ఏళ్ల క్వార్ట్‌జైట్ పొరలు (ఇసుకరాయి గట్టిపడి అయినవి) కనిపిస్తాయి. అది జాతీయ భూవిజ్ఞాన స్మారకం. ఇక్కడ కార్బన్ పనికిరాదు, జిర్కాన్ అనే ఖనిజం కావాలి. గ్రానైట్‌ను పొడిచేసి, జల్లెడ పట్టి, బరువైన ద్రవంలో వేస్తే తక్కిన పొడి తేలి జిర్కాన్ మునుగుతుంది. మిల్లీమీటరులో పదో వంతుండే రవ్వలు అవి. పుట్టేటప్పుడు జిర్కాన్ యురేనియంను లోపలికి రానిస్తుంది, సీసాన్ని రానివ్వదు. కాబట్టి ఇప్పుడు లోపలున్న సీసం యురేనియం మారి అయినదే. యురేనియం-238 సగమవడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235కు సుమారు 70 కోట్ల ఏళ్లు పడుతుంది. రెండూ ఒకే వయసు చెబితే నమ్మొచ్చు. చెప్పకపోతే మధ్యలో ఎప్పుడో వేడికో పగుళ్లకో సీసం జారిపోయిందన్నమాట.

క్వార్ట్‌జైట్‌లోనూ జిర్కాన్ దొరుకుతుంది. కానీ అది పాత కొండలు అరిగి ఇసుకతో కొట్టుకొచ్చిన రవ్వ. దాని వయసు ఆ పాత కొండది. ఈ పొర అంతకంటే పాతది కాజాలదని మాత్రమే దాన్నిబట్టి చెప్పగలం. పొర కనీసం ఎంత పాతదో చెప్పే రెండో హద్దు కావాలంటే, పొరల మధ్యకు కరిగిన రాయిగా చొచ్చుకొచ్చి గడ్డకట్టిన అగ్నిశిల దొరకాలి. కడప జిల్లా పులివెందులలో అలా దొరికిన శిల వయసు 188 కోట్ల 50 లక్షల ఏళ్లు. అక్కడ అది చొచ్చుకుపోయిన పొరలు అంతకంటే ముందువేనని దాంతో రూఢి అయింది.