కర్చీఫ్ వేసిన సీటు

(మా ఊరి గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇవాళ మాట్లాడబోయేది దురదా దద్దుర్లూ తెప్పించే హిస్టమిన్ అనే రసాయనం గురించి. ముందు ఒక చిన్న పని చేద్దాం. ఎడమ చేతి చొక్కా పైకి లాక్కుని, ముంజేతి లోపలి వైపు పెన్ను మూతతో ఒక గీత గీయండి. రక్తం రానక్కర్లేదు, కాస్త నొక్కి గీస్తే చాలు. చర్మం బాగా పలచబడ్డ పెద్దవాళ్లు మాత్రం మానేయండి, పక్కవాళ్ల చేయి చూడండి.

కొన్ని క్షణాల్లో గీత మేర ఎర్రబడుతుంది. కాసేపటికి ఆ ఎరుపు చుట్టూ పాకుతుంది. రెండు మూడు నిమిషాల్లో గీత పొడవునా చర్మం ఉబ్బుతుంది. మన ఛాయల మీద ఎరుపు అంతగా కనబడదు, ఉబ్బు మాత్రం కళ్లు మూసుకుని తడిమినా వేలికి తగులుతుంది. అందరికీ ఉబ్బదు, కంగారు పడకండి.

లండన్‌లో థామస్ లూయిస్ అనే డాక్టరు 1920లలో ఇదే పని చేసి, ఈ మూడింటికీ కలిపి ట్రిపుల్ రెస్పాన్స్ అన్నారు. హిస్టమిన్ బొట్టు వేసి సూదితో గుచ్చినా చర్మం ఇలాగే ప్రవర్తిస్తుందని ఆయనకు తెలుసు. అయినా గీసినప్పుడు వచ్చేది హిస్టమినే అని తేల్చకుండా, 'హెచ్ పదార్థం' అని మాత్రమే రాశారు. రుజువు చేతికి రాకుండా పేరు పెట్టనన్న ఆ పట్టుదల నాకు చాలా ఇష్టం.

హిస్టమిన్ ఎక్కడినుంచో వచ్చేది కాదు. పప్పులో, గుడ్డులో, చేపలో ఉండే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి మన కణాలే తయారు చేసుకుంటాయి. దాన్ని ఎక్కువగా దాచుకునేవి మాస్ట్ కణాలు. వీటికి ఆ పేరు పెట్టింది పాల్ ఎర్లిక్, 1878లో, తన వైద్య పట్టా కోసం రాసిన వ్యాసంలో. లోపల గింజలు గింజలుగా కిక్కిరిసి ఉండటం చూసి, ఇవి పుష్టిగా మేసిన కణాలు అనుకున్నారు. జర్మన్‌లో మాస్ట్ అంటే మేపడం. నిజానికి అది తిన్న తిండి కాదు, దాచిన సరుకు. చర్మం, ముక్కు, ఊపిరి గొట్టాలు, పేగులు, ఇలా బయటి ప్రపంచం మనకు తగిలే చోటల్లా, రక్తనాళాలను ఆనుకుని ఈ గోదాములు ఉంటాయి.

గోదాము తెరుచుకుంటే ఏమవుతుంది? రక్తాన్ని తెచ్చే సన్న నాళాలు వదులై, రక్తం ఎక్కువ పారుతుంది. ఎరుపూ వేడీ అందుకే. తిరిగి తీసుకెళ్లే చిన్న సిరల గోడల్లో కణాలు ముడుచుకుని, మధ్యలో సందులు పడతాయి. చెరువు తూము ఎత్తినట్టే. నీరూ ప్రొటీన్లూ బయటికి ఊరుతాయి, అదే ఉబ్బు. నరాల కొసలకు తగిలితే దురద. ఆ కబురు అదే నరం పక్క కొమ్మలోకి మళ్లి అక్కడి నాళాలనూ విప్పుతుంది, ఎరుపు చుట్టూ పాకింది అందుకే.

ఇదంతా ఎందుకు? కాలికి ముల్లు గుచ్చుకుందనుకోండి. క్రిములతో పోరాడాల్సిన తెల్లకణాలు రక్తంలో వేగంగా కొట్టుకుపోతూ ఉంటాయి. హిస్టమిన్ తగలగానే నాళం లోపలి గోడ మీదికి పి-సెలెక్టిన్ అనే జిగురు లాంటి ప్రొటీన్ వస్తుంది. దానికి తగులుకుంటూ తెల్లకణాలు నెమ్మదిస్తాయి, దొర్లుతాయి, ఆగి సందుల్లోంచి బయటికి దిగుతాయి. వాపు చూసి మనం జబ్బు అనుకుంటాం. అక్కడికి సాయం చేరుతోంది.

మరి రొయ్య తింటే దద్దుర్లెందుకు? ఈ కథ 1921 నాటిది, జర్మనీది. క్యూస్ట్నర్ అనే డాక్టరుకు ఉడికించిన చేప పడదు. ఆయన రక్తపు సీరం కొంచెం తీసి, ప్రౌస్నిట్జ్ అనే తోటి డాక్టరు తన చర్మంలోకే ఎక్కించుకున్నారు. మర్నాడు అదే చోట చేప సారం ఎక్కిస్తే దద్దురు లేచింది. చేపంటే ఏ ఇబ్బందీ లేని మనిషికి! అంటే ఒకరి రక్తంలో ఉన్నదేదో ఇంకొకరి చర్మానికి పగ నేర్పింది. ఆ 'ఏదో' ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇ, అంటే ఐజీఈ అనే యాంటీబాడీ అని తేలడానికి 1960ల దాకా పట్టింది. ఒక పదార్థం ఎప్పుడో ఒకసారి, ఒక్కోసారి ఏళ్ల తరబడి తిన్నాక కూడా, ఒంటికి పడనిదైపోతే దానికి ఐజీఈ తయారై, వెళ్లి మాస్ట్ కణాల మీద కూర్చుంటుంది. అప్పుడు మనకేమీ తెలియదు. తర్వాత అదే పదార్థం వచ్చి రెండు ఐజీఈలను కలిపి పట్టుకుందా, గోదాము తలుపు తెరుచుకుంటుంది. "చిన్నప్పటినుంచీ తింటున్నానండీ, ఇప్పుడేంటి" అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే. అలవాటు ఉందని హామీ లేదు.

ఇక మాత్ర సంగతి. అలర్జీకి వేసుకునే సెట్రిజిన్ హిస్టమిన్‌ను చంపుతుందనీ, కడిగేస్తుందనీ చాలామంది అనుకుంటారు. పల్లెవెలుగు బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం తెలుసుగా? మాత్ర చేసేది అదే. కణాల మీద హిస్టమిన్ కూర్చోవలసిన హెచ్1 రిసెప్టర్ అనే సీటులో కర్చీఫ్ వేస్తుంది. హిస్టమిన్ బస్సులోనే ఉంటుంది, కూర్చోవడానికి చోటుండదు. అందుకే ముక్కు కారకముందు వేసుకున్న మాత్రకీ, తుమ్ములు మొదలయ్యాక వేసుకున్నదానికీ అంత తేడా. అవిల్ లాంటి పాత అలర్జీ మాత్రలు మెదడులోకి కూడా వెళ్లి సీట్లు ఆపుతాయి. అక్కడ మనల్ని మెలకువగా ఉంచే పనుల్లో హిస్టమిన్‌ది ఒకటి, అందుకే నిద్ర ముంచుకొస్తుంది. అది వేసుకుని బండి నడపొద్దు. కడుపులో ఆమ్లం ఊరించే సీటు వేరు, హెచ్2. దాన్ని ఆపే మందు కనిపెట్టడంలో ముందున్న జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

ప్రతి దురదా హిస్టమిన్‌ది కాదు. దూలగొండి కాయ నూగు అంటుకుంటే వచ్చే దురద చూడండి. అందులో ఉండేది ప్రొటీన్లను కోసే ఎంజైము. అది నరాన్ని వేరే దారిలో లేపుతుంది. సెట్రిజిన్ ఎన్ని మింగినా పెద్దగా లాభం ఉండదు.

అలాగే, అలర్జీ కాకుండా హిస్టమిన్ ఒక్కటే పని చెడగొట్టే సందర్భం నేను కళ్లారా చూశాను. చాలా ఏళ్ల కిందట ఒక స్నేహితుడి ఇంట్లో కానాగంతల వేపుడు. తిన్న అరగంటలో ఐదుగురం ఐదుగురికీ మొహాలు కందగడ్డలయ్యాయి, తలనొప్పి, గుండె దడ. ఒకే పూట ఐదుగురికి కొత్తగా అలర్జీ పుట్టదు కదా! ఆ చేప మధ్యాహ్నమంతా ఐసు లేకుండా గంపలో ఉందట. ఈ జాతి చేపల కండలో హిస్టిడిన్ ఎక్కువ. ఎండలో బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది, ఎంత వేయించినా అది పోదు. చేపను తప్పు పట్టకండి, ఐసును అడగండి. ఇంకో ముచ్చట, ఈ చేప శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టరు 1803లో అచ్చయిన తన విశాఖపట్నం చేపల పుస్తకంలో ఎక్కించిన మన తెలుగు పేరే అది.

చివరిగా ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. కందిరీగ కుట్టాకో, ఇంజెక్షన్ తర్వాతో, వేరుశెనగ తిన్నాకో దద్దుర్లతో పాటు గొంతు బిగిసినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా అది అనాఫిలాక్సిస్, ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ. ఒళ్లంతా తూములు ఒకేసారి తెరుచుకున్నాయి, రక్తపోటు పడిపోతోంది. అప్పుడు సెట్రిజిన్ ఇచ్చి కూర్చోబెట్టడం పొరపాటు. హిస్టమిన్ ఒక్కటే కాదు, ల్యూకోట్రయిన్ల లాంటి వేరే రసాయనాలు కూడా బయటికి వచ్చేశాయి, వాటి సీట్లలో ఈ కర్చీఫ్ పనికిరాదు. అప్పుడు కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్. వదులైన నాళాలను బిగిస్తుంది, ఊపిరి గొట్టాలను విప్పుతుంది, మాస్ట్ కణాలను కూడా ఆపుతుంది. పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రాములు, తొడ బయటి వైపు కండలోకి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి, ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోనివ్వొచ్చు, లేపి నడిపించొద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి. తగ్గినట్టు కనబడినా ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉండాలి, మళ్లీ రావచ్చు.

సరే, ఇప్పుడు చేతులు చూసుకోండి. గీత ఇంకా ఉబ్బి ఉన్నవాళ్లు వెళ్లేముందు ఒకసారి నా దగ్గరికి రండి. పొద్దున సెట్రిజిన్ వేసుకుని వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే మీరూ రండి. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూద్దాం.