లైటు వెలిగిందంటే డీపీఎఫ్ పోయినట్టేనా?

యాంకర్: బాబాయ్, శ్రోతలు ఎక్కువగా అడిగింది ఇదే. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్ పెడితే డీపీఎఫ్, అంటే డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్, దాని కోడ్ వచ్చింది, కొత్తది వెయ్యాలంటున్నారు. ఏం చెయ్యమంటారు?

మెకానిక్: ముందు చెయ్యి జేబులోకి పోనివ్వొద్దని చెప్పండి. కోడ్ అంటే పోయిన పార్టు పేరు కాదు బాబూ. పి2463 వచ్చిందంటే ఫిల్టర్‌లో మసి ఎక్కువైందని కంప్యూటర్ అనుకుంటోంది, అంతే. అసలు ఎక్కువైందా, అయితే ఎందుకైంది అన్నది మనం తేల్చుకోవాలి.

యాంకర్: ఎక్కువైందా లేదా అన్నది కూడా అనుమానమేనా?

మెకానిక్: అనుమానమే. డీపీఎఫ్‌కి ముందొక సన్న గొట్టం, వెనకొక గొట్టం ఉంటాయి. రెండూ ప్రెషర్ సెన్సర్‌కి వెళ్తాయి. ముందూ వెనకా ప్రెషర్ తేడా చూసి లోపల ఎంత మసి పేరుకుందో కంప్యూటర్ లెక్కేస్తుంది. ఆ గొట్టం వేడికి పగిలినా, లోపల మసి అడ్డుపడినా లెక్క తప్పుతుంది. అందుకే నేను ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో పెట్టి రీడింగ్ చూస్తాను. ఇంజినే తిరగట్లేదు కాబట్టి సున్నా దగ్గర ఉండాలి. లేదంటే ముందు సెన్సర్ సంగతి, దాని వైరింగ్ సంగతి చూడాలి. తర్వాత స్టార్ట్ చేసి రేస్ చేస్తాను. ప్రెషర్ రేస్‌తో పాటే పెరిగి, కాలు తియ్యగానే దిగాలి. కదలకుండా ఒకేచోట ఉందంటే గొట్టాలు ఊడదీసి చూస్తాను. ఆ రబ్బరు గొట్టం ఖరీదెక్కడ, డీపీఎఫ్ ఖరీదెక్కడ!

యాంకర్: సరే, నిజంగానే నిండిపోయిందనుకోండి.

మెకానిక్: అక్కడే మన ఊళ్ల సంగతి వస్తుంది. మసి బూడిదవ్వాలంటే ఫిల్టర్‌లో వేడి సుమారు 600 డిగ్రీలకి చేరాలి. హైవే మీద ఆగకుండా పోయే బండి ఆ పని తనే చేసుకుంటుంది. ఆకివీడు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకి మేత తోలే వ్యాన్‌కి ఆ వీలేదీ? కాలవ గట్టు మీద రెండో గేరు, మూడో గేరు. బస్తాలు దింపేంతసేపూ ఇంజిన్ ఊరికే తిరుగుతుంటుంది. రీజెన్, అంటే ఫిల్టర్‌లో మసిని కాల్చే పని, మొదలయ్యాక మధ్యలో తాళం తీసేస్తారు. మసి కాల్చడానికి అదనంగా కొట్టిన డీజిల్లో కొంత ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి. లెవెల్ పెరిగి, డీజిల్ వాసన వస్తే ఆయిల్ మార్చాల్సిందే. పలచబడ్డ ఆయిల్‌తో తిప్పితే టర్బో, బేరింగులు దెబ్బతింటాయి.

యాంకర్: అలాంటి బండికి మందేంటి?

మెకానిక్: అప్పుడప్పుడూ రావులపాలెం నుంచి తణుకు దాటేదాకా హైవే మీద ఒకే స్పీడులో పోనివ్వాలి. అప్పటికే బాగా నిండిపోతే స్కానర్‌తో రీజెన్ చేయించాలి. అయితే ఆయిల్ నుంచి వచ్చే బూడిద మాత్రం ఎంత కాల్చినా పోదు. దానికి ఫిల్టర్ దింపి శుభ్రం చేయించాలి, లేదా మార్చాలి.

యాంకర్: చాలామంది డీపీఎఫ్ పీకేయించి, సాఫ్ట్‌వేర్ మార్పిస్తున్నారు కదా?

మెకానిక్: ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. పాత బండికి ఇంజెక్టర్ కారుతున్నా, ఇంటర్‌కూలర్ పైపు చిట్లినా, పొగలో కొంత మళ్లీ ఇంజిన్లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయినా నల్లటి పొగ కనబడేది. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన, కొత్త కాలుష్య నిబంధనల బీఎస్-6 బండిలో ఆ పొగని ఫిల్టర్ మింగేస్తుంది. కాబట్టి ఇప్పుడు ఈ కోడే మనకి పొగ. ఫిల్టర్ పీకితే లోపలి రోగం అలాగే ఉంటుంది, మసి వీధిలో పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా అది చట్టవిరుద్ధం. కారణం వెతక్కుండా కొత్త ఫిల్టర్ వేసినా అంతే, అదీ నిండిపోతుంది.

యాంకర్: పొగలోని విషవాయువుల్ని తగ్గించడానికి పోసే ద్రవం, యాడ్‌బ్లూ గురించి కూడా అడుగుతున్నారు. పొలం యూరియా నీళ్లలో కలిపి పోస్తే ఏమవుతుందని.

మెకానిక్: దయచేసి పొయ్యొద్దు. యాడ్‌బ్లూలో ఉండేది 32.5 శాతం స్వచ్ఛమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీరు. పొలం యూరియాకి వేపనూనె పూత ఉంటుంది. ఇక మన బోరు నీళ్ల ఉప్పు సంగతి చెప్పక్కర్లేదు. అవన్నీ పోయి యాడ్‌బ్లూ చల్లే ఇంజెక్టర్‌ని పూడ్చేస్తాయి, ఆ యాడ్‌బ్లూతో పొగని శుభ్రం చేసే ఎస్‌సీఆర్ క్యాటలిస్ట్‌ని పాడు చేస్తాయి. తర్వాత ఆ క్యాటలిస్ట్ సరిగా పనిచెయ్యట్లేదని పి20ఈఈ కోడ్ వస్తుంది, పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లని కొలిచే నాక్స్ సెన్సర్ కొత్తది తెమ్మంటారు. తెచ్చే ముందు రిఫ్రాక్టోమీటర్ మీద ఓ చుక్క వేసి చూస్తే యాడ్‌బ్లూ సరైన పాళ్లలో ఉందో లేదో తెలుస్తుంది. ఇంజెక్టర్ విప్పి చూడండి, మొన మీద తెల్లటి గడ్డ కట్టి ఉంటుంది. చాలాసార్లు గోరువెచ్చటి నీళ్లకే కరిగిపోతుంది. సైలెన్సర్ జాయింట్ దగ్గర లీకేజీ ఉందేమో కూడా చూడాలి. బయటి గాలి లోపలికి చేరితే సెన్సర్ బాగున్నా రీడింగ్ తప్పుతుంది.

యాంకర్: షెడ్డుకి వెళ్లినప్పుడు బండి ఓనరు ఏం అడగాలి?

మెకానిక్: కోడ్ చెరిపేసే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ చూపించమనాలి. కోడ్ పడ్డప్పుడు స్పీడెంత, ఇంజిన్ వేడెంత, లోడెంత అన్నీ అందులో ఉంటాయి. చెరిపేస్తే అవీ పోతాయి. అందుకే స్కానర్ స్క్రీన్‌ని ముందే ఫోన్లో ఫొటో తీసుకోమనండి. వేరే మెకానిక్ దగ్గరికి వెళ్లినా ఆ ఫొటోతో పని మొదలుపెట్టొచ్చు.