ఊదా లేజర్ బాగుంది, ఆ మైక్రాన్ల అక్షం మాత్రం వద్దు: ఫ్లో సైటోమీటర్ రివ్యూ

నమస్కారం. ఈ ఫ్లో సైటోమీటర్‌ను (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి కొలిచే యంత్రాన్ని) తయారీదారులే మూడు వారాలు వాడి చూడమని పంపారు. డబ్బు తీసుకోలేదు, వీడియోను ముందుగా వాళ్లకు చూపించనూ లేదు. ఎన్ని లేజర్లు, ఎన్ని డిటెక్టర్లు అన్న పట్టిక మీరు ఇప్పటికే చూసి ఉంటారు. ఫ్లోరసెంట్ రంగుల సంగతీ ఈరోజు పక్కన పెడుతున్నాను. ఏ రంగూ అంటించకుండా, కణాన్ని తాకి చెదిరిన కాంతి ఒక్కటే ఏం చెబుతుందో చూద్దాం.

మొదటి రోజు, ఎర్రకణాలను తొలగించిన రక్తం పెట్టాను. తెర మీద మూడు రకాల తెల్లరక్తకణాలు మూడు గుంపులుగా తేటగా విడిపోయాయి. అడుగున లింఫోసైట్లు, కొంచెం పైన కుడివైపుకు మోనోసైట్లు, బాగా ఎత్తున రేణువులు నిండిన గ్రాన్యులోసైట్లు. ఎన్నేళ్లు చూసినా ఈ బొమ్మ చూడగానే నాకు సంతోషం కలుగుతుంది.

నాకు బాగా నచ్చింది ఊదా లేజర్‌తో తీసే సైడ్ స్కాటర్, అంటే కణం నుంచి పక్కకు చెదిరే కాంతి కొలత. నా పాత యంత్రంలో అది 488 నానోమీటర్ల నీలి లేజర్‌తోనే వచ్చేది. ఇందులో 405కు మార్చుకోవచ్చు. తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్నవైన రేణువుల విషయంలో, చెదిరే కాంతి తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. అంటే ఈ మార్పుతో దాదాపు రెండింతలు. బ్యాక్టీరియా అంత చిన్నవి కావు కాబట్టి ఆ లెక్క వాటికి అలాగే వర్తించదు. అయినా పాత యంత్రంలో నేపథ్యపు చుక్కల్లో కలిసిపోయే బ్యాక్టీరియా ఇక్కడ విడిగా నిలబడ్డాయి. రెండు రోజులు వేరే పని ముట్టుకోలేదు.

ఇప్పుడు నన్ను బాధపెట్టిన విషయం. ఈ సాఫ్ట్‌వేర్ ఫార్వర్డ్ స్కాటర్ (లేజర్ దిశలో ముందుకు చెదిరే కాంతి) అక్షం మీద మైక్రాన్లు రాస్తుంది, అదేదో నేరుగా కణం పరిమాణమే అయినట్టు. ఇది తప్పు. ముందుకు చెదిరే కాంతి పరిమాణం మీదే కాదు, కణానికీ చుట్టూ ఉన్న ద్రవానికీ వక్రీభవన గుణకంలో (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్యలో) ఉన్న తేడా మీద, కాంతిని ఏ కోణాల్లో పోగు చేస్తున్నామన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. కొలత సరిచూసే పాలీస్టైరీన్ పూసల గుణకం సుమారు 1.59. కణాలది సుమారు 1.38. పూసతో గీసిన కొలబద్దను కణానికి ఎలా పెడతాం? ఎర్రకణమైతే బిళ్లలా ఉంటుంది, ఏ వాలులో లేజర్ ముందుకు వస్తే ఆ విలువ పలుకుతుంది. అందుకే కొన్ని రక్తపరీక్ష యంత్రాలు ముందు దాన్ని గుండ్రంగా మార్చి కొలుస్తాయి.

నేను ఒకసారి ఇందులోనే మోసపోయాను. ఒక మందు ఇచ్చాక ఫార్వర్డ్ స్కాటర్ పడిపోతే, కణాలు కుంచించుకుపోయాయని రెండు వారాలు నమ్మాను. మైక్రోస్కోపు కింద పెడితే పరిమాణం మారలేదు. పొరలు చిల్లిపడి లోపలి పదార్థం కారిపోయింది, కణాలు చనిపోతున్నాయి. ఆ రోజు అక్షం మీద మైక్రాన్లు ఉండి ఉంటే మైక్రోస్కోపు దాకా వెళ్లేదాన్నే కాదు.

బ్యాక్టీరియాతో పనిచేసేవాళ్లు ఊదా లేజర్ కోసం దీన్ని తప్పక పరిశీలించండి. విద్యార్థులకు నేర్పే ల్యాబ్‌కు మాత్రం, ఆ అక్షాన్ని తీసేసే వీలు ఇచ్చేదాకా నేను కొనమని చెప్పను. ఇప్పటికే మీ దగ్గర ఉంటే ఫలితాలను ఎఫ్‌సీఎస్ ఫైలుగా (ఫ్లో సైటోమీటర్ల ప్రామాణిక డేటా ఫైలు) బయటకు తీయండి, అందులో మైక్రాన్లు ఉండవు, అసలు సంకేతం విలువలే వస్తాయి. చివరి వారమంతా నేను అలాగే పనిచేశాను.