లీగ్ నుంచి వచ్చినవాడికి తిన్నగా జాతీయ జెర్సీనా?

(సిడ్నీ శివారు పారమట్టాలోని ఒక తెలుగు ఇంటర్నెట్ రేడియో చర్చ. స్టూడియోలో యాంకర్, పిల్లలకు రగ్బీ నేర్పే కోచ్, లీగ్ అభిమాని అయిన ఒక తండ్రి. ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి వీడియోలో జర్నలిస్ట్. అక్కడక్కడా కుదించాం.)

యాంకర్: నమస్కారం. రగ్బీ లీగ్‌లో పేరు తెచ్చుకున్న ఒక కుర్రాడు రగ్బీ యూనియన్‌కి మారాడు. యూనియన్‌లో ప్రొఫెషనల్ స్థాయిలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అయినా 2024 నవంబరు 9న లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ మీద ఆస్ట్రేలియా జెర్సీ ఇచ్చి దింపేశారు. జోసెఫ్ సువాలీ. వయసు 21. ఆస్ట్రేలియా 42-37తో నెగ్గింది, ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ కూడా ఇతనే. అయినా గొడవ ఆగలేదు. 2027 వరల్డ్ కప్ ఇక్కడే జరుగుతుంది కాబట్టి ఇప్పట్లో ఆగదు కూడా. కోచ్ గారూ, మీతోనే మొదలుపెడదాం.

కోచ్: నెగ్గారు కాబట్టి ఎంపిక కరెక్టే అనే మాట ముందు పక్కన పెడదామమ్మా. ఓడిపోయి ఉంటే ఇదే జనం సెలెక్టర్లని ఉతికి ఆరేసేవాళ్లు. ఆట మొదలవకముందు, కాగితం మీద పేర్లు రాసేటప్పుడు అది సరైన నిర్ణయమా కాదా అన్నదే అసలు ప్రశ్న.

అభిమాని: అన్నా, నాదొక అమాయకపు డౌటు. రెండూ రగ్బీయే కదా? బంతి అదే షేపు, అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, అదీ అదే. టెస్టులు ఆడేవాణ్ని టీ20కి పంపినట్టు అనుకోకూడదా?

కోచ్: అదే అందరూ చేసే పొరపాటు. టెస్టు అయినా టీ20 అయినా బౌల్డ్ అయితే ఔటే కదా. ఇక్కడ ఆ ఔటే మారిపోతుంది. ఆ నీళ్ల సీసా ఇటివ్వు. (సీసాని బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టి) ఇది నేను. నన్ను టాకిల్ చేసి పడేశారు. లీగ్‌లో అయితే పట్టుకున్నవాళ్లు నన్ను వదలాలి. నేను లేచి, బంతిని నేల మీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లించాలి. ఆ లోపు అవతలి జట్టు పది మీటర్లు వెనక్కి తగ్గాలి. ఇలా ఆరు టాకిల్స్ వరకే. తర్వాత బంతి వాళ్లది.

యాంకర్: అదే యూనియన్‌లో?

కోచ్: (సీసాకి అటొక కాఫీ కప్పు, ఇటొక కాఫీ కప్పు పెట్టి) నేను పడగానే బంతి వదిలేయాలి. అవతలివాడు కాళ్ల మీద నిలబడి ఉంటే వంగి లాక్కోవచ్చు. మావాడు పరిగెత్తుకొచ్చి వాణ్ని తోసేయాలి. ఈ రెండు కప్పుల్లో ఏది ముందొస్తుందన్నదే ఆట. దీన్నే రక్ అంటారు. ఆరు, ఏడు అని లెక్కేమీ ఉండదు, బంతి మన దగ్గరుంటే ముప్పైసార్లయినా సాగుతుంది. చిన్నప్పటి నుంచీ పడితే వెంటనే లేవాలని ఒంటికి నేర్పినవాడికి, ఇప్పుడు పడితే ముందు బంతి వదిలేయమని నేర్పాలి. బుర్రకి ఒక్క రోజులో ఎక్కుతుంది. ఒంటికి ఎక్కదు.

మా హైదరాబాద్ బ్యాచ్‌లో సగంమంది కబడ్డీ నుంచి వచ్చినవాళ్లు. చీలమండ పట్టుకున్నారంటే ఎంత పెద్దవాడైనా పడాల్సిందే. కానీ యూనియన్‌లో టాకిల్ చేశాక మనిషిని వదిలేయాలి. మావాళ్లు వదిలితేగా! ఉడుంపట్టు. మ్యాచ్ మొత్తం రెఫరీ విజిల్ ఊదుతూనే ఉండేవాడు.

(నవ్వులు)

యాంకర్: మీరు లీడ్స్‌లో ఉంటున్నారు కదా మేడమ్. అక్కడ లీగ్ అంటే ప్రాణం పెడతారంటారు.

జర్నలిస్ట్: పెడతారు. ఇక్కణ్నుంచి హడర్స్‌ఫీల్డ్ రైల్లో అరగంట కూడా పట్టదు. 1895 ఆగస్టు 29న అక్కడి జార్జ్ హోటల్లోనే ఉత్తరాది క్లబ్బులు యూనియన్ నుంచి విడిపోయాయి. గొడవంతా కూలి గురించే. మిల్లుల్లో, బొగ్గు గనుల్లో పనిచేసేవాడు శనివారం మ్యాచ్ ఆడితే ఆ పూట జీతం పోతుంది. ఆ నష్టం పూడ్చమన్నారు. డబ్బు తీసుకుని ఆడటమేమిటని లండన్ పెద్దమనుషులు ఒప్పుకోలేదు. అప్పట్నుంచీ వందేళ్లపాటు లీగ్‌లో ఆడినవాణ్ని యూనియన్ వెలివేసినంత పని చేసింది. 1995లో యూనియన్ కూడా ప్రొఫెషనల్ అయ్యాకే రాకపోకలు మొదలయ్యాయి. అందుకే లీగ్ నుంచి వచ్చినవాణ్ని ఎంపిక చేస్తే యూనియన్ క్లబ్బుల్లో కొందరు మొహం మాడ్చుకుంటారు. కారణం ఆట అంటారు గానీ, సగం అది పాత కులం లెక్క.

అభిమాని: కానీ వచ్చినవాళ్లు గెలిపించారు కదా మేడమ్? 2003 వరల్డ్ కప్ ఫైనల్...

జర్నలిస్ట్: అదే చెప్పబోతున్నా. సిడ్నీలో ఇంగ్లండ్ 20-17తో ఆస్ట్రేలియాని ఓడించిన ఫైనల్. జానీ విల్కిన్సన్ డ్రాప్ గోల్ అందరికీ గుర్తే. ఆ మ్యాచ్ మొత్తంలో పడినవి రెండే రెండు ట్రైలు. ఒకటి ఆస్ట్రేలియా తరఫున లోటే టుకిరి, ఇంకొకటి ఇంగ్లండ్ తరఫున జేసన్ రాబిన్సన్. ఇద్దరూ లీగ్ నుంచి వచ్చినవాళ్లే.

అభిమాని: ఇంకేం మరి!

కోచ్: ఆగు తమ్ముడూ. వాళ్లిద్దరూ ఆ రోజు ఎక్కడ ఆడారు? మైదానం అంచుల్లో, వింగ్‌లో. అక్కడ రక్‌ల గోల తక్కువ. బంతి అందుకున్నామా, ఎదుటివాణ్ని బోల్తా కొట్టించామా, అంతే. లీగ్‌లో నేర్చింది లీగ్‌లో నేర్చినట్టే పనికొస్తుంది. రాబిన్సన్ 2000లో లీగ్ క్లబ్ విగన్ నుంచి యూనియన్ క్లబ్ సేల్‌కి మారాడు, 2001 ఫిబ్రవరికల్లా ఇంగ్లండ్‌కి ఆడాడు. ఎవరూ కాదనలేదు. అర్హుడా కాదా అని మనిషిని చూసి అడగడం కాదు, ఏ నంబరు జెర్సీకి అని అడగాలి. పొజిషన్ చెప్పకుండా ఈ చర్చ ఎంతసేపు చేసినా తేలదు.

యాంకర్: సామ్ బర్జెస్ సంగతి అక్కడికే వస్తుందనుకుంటా.

జర్నలిస్ట్: వస్తుంది. నాకు బాధ కలిగించే కథ అది. బర్జెస్ పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని డ్యూస్‌బరీలో. 2014లో సిడ్నీలో ఎన్‌ఆర్‌ఎల్, అంటే ఆస్ట్రేలియాలో జరిగే పెద్ద లీగ్ పోటీ, దాని గ్రాండ్ ఫైనల్. మొదటి టాకిల్‌లోనే చెంప ఎముక విరిగింది. ఆ మొహంతోనే 80 నిమిషాలూ ఆడాడు. అతని క్లబ్ సౌత్ సిడ్నీకి 1971 తర్వాత మళ్లీ టైటిల్ వచ్చింది, అతనికి ఫైనల్లో బెస్ట్ ప్లేయర్‌కిచ్చే క్లైవ్ చర్చిల్ మెడల్ వచ్చింది. అలాంటి మనిషి ఆ వెంటనే యూనియన్‌కి మారి ఇంగ్లండ్‌లోని బాత్ క్లబ్‌లో చేరాడు. ఏడాదిలో వరల్డ్ కప్, అదీ ఇంగ్లండ్‌లోనే. ఆశపడటంలో తప్పేముంది?

తప్పు వేరేచోట జరిగింది. బాత్‌లో మొదట సెంటర్‌గా, అంటే వెనక వరస మధ్యలో ఆడించి చూశారు, తర్వాత ఫ్లాంకర్‌గా మార్చారు, 6వ నంబరు. రక్‌ల దగ్గర కాపు కాసే పని. ఇంగ్లండ్ కోచ్ స్టువార్ట్ లాంకాస్టర్ మాత్రం 12వ నంబరులో ఇన్‌సైడ్ సెంటర్‌గా కావాలన్నాడు. ఆదివారం ఒక బడి, సోమవారం ఇంకో బడి అన్నట్టు. రెంటికీ చెడ్డ రేవడి చేశారు.

కోచ్: బాగా చెప్పావమ్మా.

జర్నలిస్ట్: వరల్డ్ కప్ జట్టులోకి బర్జెస్‌ని తీసుకుని, 12లో అనుభవం ఉన్న లూథర్ బరెల్‌ని వదిలేశారు. సెప్టెంబరు 26న వేల్స్‌తో మ్యాచ్‌కి జోనాథన్ జోసెఫ్ గాయపడటంతో బర్జెస్‌నే మొదటి నుంచీ ఆడించారు. నన్నడిగితే బాగానే ఆడాడు. ఇంగ్లండ్ ముందంజలో ఉండగానే అతన్ని బయటికి పిలిచారు. ఆ తర్వాతే స్కోరు జారిపోయింది, 28-25తో వేల్స్ నెగ్గింది. వారం తర్వాత ఆస్ట్రేలియా చేతిలో 33-13. ప్రధాన ఆతిథ్య దేశం గ్రూప్ దశలోనే ఇంటికి! అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. నింద ఎవరి మీద పడింది? బర్జెస్ మీద. అత్త మీద కోపం దుత్త మీద. 5 మ్యాచ్‌లు ఆడి, నవంబరులో మళ్లీ సౌత్ సిడ్నీకి, లీగ్‌కి వెళ్లిపోయాడు.

అభిమాని: అప్పుడు ఇక్కడ మా సౌత్స్ ఫ్యాన్స్‌కి మాత్రం పండగే.

(నవ్వులు)

యాంకర్: మరి సువాలీ విషయంలో ఏం తేడా?

కోచ్: రెండు తేడాలున్నాయి. ఒకటి, ఇతను యూనియన్‌కి కొత్తవాడు కాదు. మనమున్న చోటికి దగ్గర్లోనే కింగ్స్ స్కూల్ ఉంది కదా, అక్కడ చదువుకుంటూ యూనియనే ఆడాడు. తర్వాత సిడ్నీ లీగ్ క్లబ్ రూస్టర్స్ తీసుకుంది. 18 నిండకుండానే ఎన్‌ఆర్‌ఎల్ ప్రత్యేక అనుమతిచ్చి 2021లో ఆడనిచ్చింది. అంటే ఇతను వచ్చింది పరాయి ఇంటికి కాదు, పుట్టింటికి. ఒంటికి ఆ పాత అలవాటు ఎక్కడో ఉంటుంది. బర్జెస్‌కి అంత అలవాటు లేదు.

రెండోది, పని సూటిగా చెప్పారు. 13వ నంబరు, అవుట్‌సైడ్ సెంటర్. అప్పటిదాకా 13లో ఆడుతున్న లెన్ ఇకిటావుని 12కి జరిపి పక్కనే నిలబెట్టారు, ఇంట్లో కొత్త కోడలికి తోడుగా పెద్దావిణ్ని ఉంచినట్టు. ఇక కిక్-ఆఫ్‌లు. మళ్లీ ఆట మొదలుపెట్టే ప్రతి కిక్‌కీ ఇతను పరుగెత్తుకెళ్లి గాల్లోకి లేచాడు. ఆ రోజు వీడియో ఒకసారి నెమ్మదిగా పెట్టి చూడండి. బంతి వైపు చూస్తూనే మోకాలు పైకి లేస్తుంది, కింద కాచుకున్న ఇంగ్లండ్‌వాడు ఇంకా నేల మీదే ఉంటాడు. లీగ్‌లో హై బాల్ పట్టడం ఇతని రోజువారీ పని. ఆ ఒక్క పనినే తెచ్చి యూనియన్‌లో వాడారు. ఇంకేదీ మీద వేయలేదు.

అభిమాని: ఆఖరి ట్రై జార్గెన్సన్‌ది కదా? దానికి పాస్ ఇచ్చింది ఇకిటావే. అందరూ సువాలీ సువాలీ అన్నారు, ఆ పాస్ గురించి మాట్లాడినవాడు తక్కువ.

కోచ్: కరెక్ట్.

జర్నలిస్ట్: నా అభ్యంతరం అక్కడే ఉంది కోచ్ గారూ. వరసలో నిల్చున్నవాడి సంగతేంటి? యూనియన్ క్లబ్బుల పోటీ సూపర్ రగ్బీలో మూడు నాలుగు సీజన్లు ఒళ్లు హూనం చేసుకున్న కుర్రాడు ఇంట్లో టీవీలో ఆ మ్యాచ్ చూస్తుంటాడు. ఏడాదికి 16 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకి ఒప్పందం అని అప్పట్లో పత్రికలు రాశాయి. అంత పోసి కొన్నవాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టగలరా? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడే డబ్బు పెట్టి పిలిచాడు.

కోచ్: మంచి మాటే. కానీ తేదీలు చూడు చెల్లెమ్మా. ఆ బేరం 2023 మార్చిలో కుదిరింది, అప్పుడు కోచ్ ఎడీ జోన్స్. జట్టులో పేరు రాసింది జో ష్మిట్, 2024లో వచ్చాడు. అతను కుదిర్చిన బేరం కాదు, దాన్ని నిలబెట్టాల్సిన అవసరమూ అతనికి లేదు.

జర్నలిస్ట్: అతనికి లేకపోవచ్చు. జీతమిచ్చే బోర్డుకి ఉంటుందిగా. నేనది ఒప్పుకోను.

కోచ్: సరే, అక్కడ మనిద్దరికీ కుదరదు.

అభిమాని: ఇంకొకటి. అదే 2024 జూన్‌లో స్టేట్ ఆఫ్ ఆరిజిన్ మొదటి మ్యాచ్, లీగ్‌లో న్యూసౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల పోరు. నేను గ్రౌండ్‌లో ఉన్నా. సీట్లో సర్దుకుని చిప్స్ ప్యాకెట్ విప్పానో లేదో, సువాలీ క్వీన్స్‌లాండ్ ఆటగాడు రీస్ వాల్ష్‌ని పైన, తల దగ్గర కొట్టాడు, మైదానం నుంచి పంపేశారు. పది నిమిషాలు కూడా కాలేదు. న్యూసౌత్ వేల్స్ ఒకడు తగ్గి 12 మందితో ఆడాల్సి వచ్చింది. ఆ రిస్క్ సెలెక్టర్లకి కనపడలేదా?

కోచ్: కనపడే ఉంటుంది. యూనియన్ తలకి తగిలే టాకిల్ విషయంలో చాలా కఠినం. లీగ్‌లో మనిషిని నిలబెట్టి, బంతి కదలకుండా పట్టాలని చూస్తారు, చేతులు ఛాతీ ఎత్తులో వెళ్తాయి. యూనియన్‌కి వచ్చినవాడు నడుం దగ్గరికి దిగాలి.  మారినవాళ్లలో నేను మొదట చూసేది అదే. ఎంత వేగంగా పరిగెత్తాడని చూడను. టాకిల్‌కి ముందు మోకాళ్లు వంగాయా లేదా, అంతే.

యాంకర్: ఆ తర్వాతి ఫలితాలు చూస్తే అన్నీ గెలుపులేం కావు.

జర్నలిస్ట్: అదే టూర్‌లో స్కాట్లండ్ చేతిలో 27-13తో ఓడారు, ఐర్లండ్ చేతిలోనూ ఓడారు. 2025లో బ్రిటన్, ఐర్లండ్ ఉమ్మడి జట్టు లయన్స్‌తో సిరీస్ 2-1తో పోయింది. అతనొక్కడే ఉంటే సరిపోదని అందరికీ తెలిసింది.

కోచ్: ఆ లయన్స్ ఓటమి తర్వాత, ఆగస్టులో జొహానెస్‌బర్గ్ ఎలిస్ పార్క్‌లో దక్షిణాఫ్రికా మీద 38-22. అక్కడ ఆస్ట్రేలియా 1963 తర్వాత గెలవడం అదే మొదటిసారి. అతనా రోజు ట్రై కూడా వేశాడు. అప్పటికి సిడ్నీ జట్టు వరాటాస్‌కి సూపర్ రగ్బీ ఆడి ఉన్నాడు, కొత్తవాడు కాదు. నేను అతన్ని వెనకేసుకు రావట్లేదు. 2024 నవంబరులో అతనికి ఫ్లాంకర్ జెర్సీ ఇచ్చి ఉంటే, ఇక్కడ కూర్చుని మేడమ్ కంటే గట్టిగా తిట్టేవాణ్ని.

యాంకర్: టైమ్ అయిపోతోంది. మీరిద్దరూ సెలెక్టర్లైతే, రేపు ఇంకో లీగ్ కుర్రాడు వస్తే రూల్ ఏం పెడతారు? ఒక్క ముక్కలో.

జర్నలిస్ట్: క్లబ్‌కి పది మ్యాచ్‌లు. ఎంత పెద్ద స్టార్ అయినా సరే, ఎంత డబ్బు పెట్టినా సరే. వరసలో ఉన్నవాడికి మనం చెప్పుకునే సమాధానం అదొక్కటే.

కోచ్: వింగ్‌కైతే, అందరికంటే వెనక నిలబడే ఫుల్‌బ్యాక్‌కైతే మ్యాచ్‌ల లెక్కే వద్దు. 13కి ముందు నెట్స్‌లో, అదే, ప్రాక్టీస్‌లో నా కళ్లతో చూస్తా. క్రికెట్ మాట వచ్చేసింది చూడండి. ఫ్లాంకర్ల నంబర్లు 6, 7కి, 12కైతే రెండు సీజన్లు, అందులో బేరం లేదు. క్లబ్ కోచ్‌తో ఫోన్‌లో మాట్లాడకుండా మాత్రం ఎవరినీ తీసుకోను. లాంకాస్టర్, బాత్ కోచ్ ఇద్దరూ బర్జెస్‌ని ఏ నంబరులో ఆడించాలో ముందే తేల్చుకుని ఉంటే, ఆ మనిషి ఇంకో రెండేళ్లు ఇంగ్లండ్‌కి ఆడేవాడేమో.

అభిమాని: మావాడికి తొమ్మిదేళ్లు. శనివారం లీగ్, ఆదివారం యూనియన్ ఆడుతున్నాడు. ఆపించెయ్యమంటారా అన్నా?

కోచ్: ఎందుకు ఆపడం? రెండూ ఆడనీ. పడిపోయినప్పుడు ఇవాళ ఏ వారమో గుర్తు చెయ్, చాలు.

యాంకర్: ఇంతకీ ఈ సీసా ఎవరిది? నాకు దాహంగా ఉంది.

కోచ్: లీగ్ అయితే నాది. యూనియన్ అయితే ముందు ఎవరు పట్టుకుంటే వాళ్లది.