అల ఎత్తు చూసి పని: బ్రేక్‌వాటర్ సైట్లలో ప్రమాదాల అంచనా

మిత్రులారా, పని మొదట్లో ఒకసారి రాసిన ప్రమాదాల పట్టిక చాలా సైట్లలో నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. అలల్ని ఆపడానికి సముద్రంలోకి కట్టే అడ్డుగోడ, అంటే బ్రేక్‌వాటర్ పనికి అది చాలదు. ఇక్కడ అంచనా ప్రతి షిఫ్టుకీ కొత్తగా వేయాలి.

సముద్ర వాతావరణ బులెటిన్‌లో అల ఎత్తు 1 మీటరు అని ఉంటే, అది బాగా ఎత్తైన మూడోవంతు అలల సగటు మాత్రమే. వెయ్యి అలల్లో ఒకటి 1.9 మీటర్ల దాకా లేస్తుంది. 10 సెకన్లకో అల చొప్పున వెయ్యి అలలకు మూడు గంటలు కూడా పట్టదు. అంటే షిఫ్టు ముగిసేలోపు ఆ అల వచ్చి తీరుతుందనుకునే ప్లాన్ చేయాలి. ఎత్తుతో పాటు అలల మధ్య వ్యవధీ చూడండి. దక్షిణ మహాసముద్రంలో తుఫాను గాలులకు పుట్టిన 16 సెకన్ల ఉబ్బు కెరటం ఆరేడు రోజులు ప్రయాణించి, ఇక్కడ గాలే లేని రోజున మన తీరాన్ని తాకుతుంది. ఆకాశం చూస్తే తెలియదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే హెచ్చరికలు రోజూ చదవాల్సింది అందుకే.

ఇక క్రేన్‌తో దిమ్మెలు దించేటప్పటి బరువు లెక్క. 10 టన్నుల కాంక్రీటు దిమ్మె పూర్తిగా నీటిలో ఉంటే కొక్కేనికి తెలిసేది 5.7 టన్నులే. అల దిగిపోయి దిమ్మె బయటపడగానే మొత్తం భారం ఒక్క కుదుపుతో స్లింగు (దిమ్మెను కట్టి ఎత్తే తాడు) మీద పడుతుంది. కాబట్టి క్రేన్ సామర్థ్యాన్ని గాలిలో బరువుకు, పైగా కుదుపుకు సరిపడా చూడాలి. క్రేన్ బార్జ్ (బల్లపరుపు పడవ) మీద ఉంటే నేల మీది లోడ్ చార్ట్ (ఎంత దూరంలో ఎంత బరువు ఎత్తొచ్చో చెప్పే పట్టిక) అసలు వాడొద్దు. బార్జ్ ఒరిగితే బూమ్ (క్రేన్ చెయ్యి) బయటికి వాలి, రేడియస్ (క్రేన్ నుంచి బరువుకు ఉన్న దూరం) పెరిగి, ఎత్తగలిగే బరువు తగ్గిపోతుంది. ఒరుగును లెక్కలోకి తీసుకున్న చార్ట్‌ను తయారీదారు దగ్గర తీసుకోండి. దిమ్మె దించుతున్నంతసేపూ డైవర్ నీటిలో ఉండకూడదు. ఇందులో బేరం లేదు.

బ్రేక్‌వాటర్‌కు రాళ్లు పోసే కొసన, టిప్పర్ లారీ చక్రం ఎత్తులో కనీసం సగం ఉండే రాతి గట్టు కావాలి. కొత్తగా పోసిన కొస కింద నుంచి అలలు సన్న రాయిని లాగేస్తాయి, పైకి మాత్రం గట్టిగానే కనిపిస్తుంది. అందుకే రాత్రి కెరటాలు పెద్దవైతే, తెల్లారాక కొసను తనిఖీ చేయకుండా మొదటి టిప్పర్‌ను పంపొద్దు.

తుఫాను విషయంలో వెనక నుంచి లెక్కపెట్టండి. బూమ్ దించి కట్టడానికి 6 గంటలు, బార్జ్‌ను సురక్షిత బెర్తుకు లాగడానికి 8 గంటలు పడితే, సముద్రం, బార్జ్‌ను లాగే టగ్గు పడవ పని చేయలేని స్థాయికి చేరడానికి కనీసం 14 గంటల ముందు పని ఆపాలి. టగ్గు ఆలస్యానికి మరికొన్ని గంటలు కలపండి. ఆపమని చెప్పే అధికారం ఎవరిదో, ఆయన లేనప్పుడు ఎవరిదో, పేర్లతో సహా ఆనాటి షిఫ్టు కాగితం మీద ఉండాలి.