శనివారం చర్చి

సభకు నమస్కారం.

తిరుపతిలో శనివారం ఎవరిదో నేను చెప్పనక్కర్లేదు. తమిళుల పెరటాసి నెల వస్తే వెంకన్నకు తళిగలు వేసి నైవేద్యం పెడతాం, ఒక్కపొద్దు ఉంటాం. అదే శనివారాన్ని దేవుడి రోజుగా పాటించే క్రైస్తవులు మన మధ్యే ఉన్నారని చాలామందికి తెలియదు. వాళ్ళు సెవెంత్ డే అడ్వెంటిస్టులు. చుట్టుపక్కల వాళ్ళు మాత్రం 'శనివారం చర్చి' అంటారు.

నేను క్రైస్తవుణ్ణి కాను. మొదట పిలిస్తే వెళ్ళాను, ఇప్పుడు పిలవకపోయినా వెళ్తున్నాను. లోపల విగ్రహం లేదు, పటం లేదు. కుర్చీలు, ఒక బల్ల, దాని మీద బైబిలు, అంతే. వాళ్ళ పవిత్రత అంతా వేళలో ఉంది. శుక్రవారం పొద్దు మునిగినప్పటి నుంచి శనివారం పొద్దు మునిగే దాకా అది సబ్బాతు, అంటే విశ్రాంతి దినం. వంట, ఇస్త్రీ శుక్రవారమే ముగించేస్తారు. శనివారం కొనరు, అమ్మరు. యాత్రికులు కిటకిటలాడే రోజున కొట్టు మూయడమంటే ఏమిటో ఈ ఊరి వ్యాపారులకు తెలుసు.

ఈ సంఘం పుట్టింది అమెరికాలో. 1844 అక్టోబరు 22న క్రీస్తు తిరిగి వస్తాడని అక్కడ వేలమంది ఎదురుచూశారు. రాలేదు. చాలామంది వెళ్ళిపోయారు. మిగిలిన కొద్దిమంది మళ్ళీ బైబిలు పట్టుకున్నారు. పది ఆజ్ఞల్లో నాలుగోది ఏడో దినాన్ని, అంటే శనివారాన్ని, దేవుడి రోజుగా పాటించమని చెబుతుంటే మనకు ఆదివారం ఎందుకని అడిగారు. 1863లో సంఘంగా ఏర్పడ్డారు. అంత నిరాశ తర్వాత కూర్చుని చదవగలిగారే, అందుకే వాళ్ళంటే నాకు గౌరవం.

మూడు నెలలకోసారి, యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ, ప్రభు భోజనం. దానికి ముందు ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతారు, మగవాళ్ళు ఒకచోట, ఆడవాళ్ళు ఒకచోట. ప్లాస్టిక్ టబ్బులు, తువ్వాళ్ళు, బకెట్లో గోరువెచ్చని నీళ్ళు. రిటైరైన ఓ పెద్దాయన గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుని, ఇంటర్ చదివే పిల్లాడి పాదం టబ్బులో పెట్టుకున్నాడు. పిల్లాడు సిగ్గుపడి కాలు లాక్కోబోతే "ఉండప్పా" అని మడమ రుద్ది, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడిచాడు. తర్వాత పిల్లాడు ఆయన కాళ్ళు కడిగాడు. మన పెళ్ళిళ్ళలో మామ అల్లుడి కాళ్ళు కడుగుతాడు, అల్లుడు తిరిగి కడిగేది మాత్రం లేదు. కులం అడిగి గ్లాసు మార్చిన ఊళ్ళు చూసినవాణ్ణి నేను. ఆ గదిలో ఎవరి ముందు ఎవరు కూర్చోవాలో ఎవరూ లెక్క చూసుకోలేదు.

ఆ తర్వాత ప్రభు భోజనంలో పులియని రొట్టె, పులియని ద్రాక్షరసం. సారా, పొగాకు ముట్టరు. చాలామంది మాంసమూ తినరు.

ఆ పిల్లాడి కాలేజీలో వారం వారం టెస్టు శనివారమే. రాయడు, సున్నా వేస్తారు. వాళ్ళ నాన్నను పిలిపించి మందలిస్తారు. ఈ సభలో లెక్చరర్లు, ప్రిన్సిపాళ్ళు ఉన్నారు. అలాంటి పిల్లలు మీ దగ్గరికొస్తే ఆ పేపరు సోమవారం రాయనివ్వండి. పబ్లిక్ పరీక్ష తేదీ మీ చేతుల్లో ఉండదు. కాలేజీ టెస్టు మీ చేతుల్లోదే కదా.